ఉచిత వైద్యపరీక్షా శిబిరము – యజమాని ఎవరు?



గత కార్తికమాసం ముగిసిన తరువాత మా దేవాలయ కల్యాణమండపంలో ఒక ఉచిత వైద్యపరీక్షా శిబిరం జరిగినది. మాది శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం. ఈ ప్రాంతానికి శిబిరాలు కొత్త కావు. అయితే ఈసారి శిబిరం ముగిసిన నాటి నుండి కొందరు భక్తులు నన్ను ఒక ప్రశ్న అడుగుతూనే ఉన్నారు. "పంతులుగారూ, ఆ వైద్యవిద్యార్థులు సేవ చేయడానికి వచ్చారా, విద్య నేర్చుకోవడానికి వచ్చారా? కళాశాలలో హాజరు కోసం వచ్చి, పేదవాని వేలిమీద సూది గుచ్చడం అభ్యాసం చేసి వెళ్ళిపోతే అది నిష్కామకర్మ ఎట్లా అవుతుంది? దానికి దేవుని మండపం ఇవ్వవచ్చునా?"

ప్రశ్న తేలికైనది కాదు. "మంచి పనే కదా, పోనీయండి" అని దాటవేయడం నాకు ఇష్టం లేదు. మన శాస్త్రాలలో దీనికి స్పష్టమైన సమాధానం ఉన్నదని నా విశ్వాసం. అది అడిగినవారికి గాని, శిబిరాలు నిర్వహించేవారికి గాని పూర్తిగా రుచించకపోవచ్చును.

ముందుగా దేశకాలాలు చెప్పుకోవాలి. సంకల్పంలో కూడా వాటినే కదా ముందు చెబుతాము! ఉద్దానం అనే పేరు ఉద్యానం నుండి వచ్చినదని పెద్దలు చెబుతారు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాలలో ఎటు చూచినా కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలే. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఆ తోటలను నేలకూల్చినది. అంతకు ఎంతో ముందు నుండే ఇంకొక నిశ్శబ్దప్రళయం ఇక్కడి ఇండ్లలో ప్రవేశించి ఉన్నది. అది మూత్రపిండాల వ్యాధి. మధుమేహం గాని, రక్తపోటు గాని లేని కర్షకులకు, కూలీలకు కూడా ఇది వస్తున్నది. నీటిని, నేలను, ఎండలో శ్రమను, ఇంకా అనేక విషయాలను ఎందరో పరిశోధించారు. మూలకారణం ఇదీ అని ఇంతవరకు నిర్ధారణ కాలేదు. శ్రీలంక ఉత్తరమధ్య ప్రాంతంలోను, మధ్య అమెరికాలో చెరకుతోటల కూలీలలోను ఇటువంటి వ్యాధియే కనబడుతున్నది. 2023 డిసెంబరులో పలాసలో రెండువందల పడకలతో మూత్రపిండాల పరిశోధనా కేంద్రము, ఆసుపత్రి ప్రారంభమైనవి. అది మా ప్రాంతానికి కలిగిన పెద్ద ఊరట.

ఈ చరిత్ర వలన ఇక్కడి ప్రజలకు శిబిరం అనగానే ఆశతో పాటు విసుగు కూడా కలుగుతున్నది. ఒక వృద్ధుడు మండపం మెట్లమీద కూర్చొని అన్న మాట యథాతథంగా వ్రాస్తున్నాను. "వొచ్చినోల్లందరూ రగతం తీసుకెల్లినోల్లే గానీ బావూ, కాయితం అట్టుకొచ్చినోడు ఒక్కడూ నేడు." ఈ వాక్యంలో ఉన్న ధర్మసందేహం నన్ను అడిగిన నిష్కామకర్మ ప్రశ్నకంటె గంభీరమైనదని నాకు తోచినది.

ఇప్పుడు మొదటి ఆక్షేపణను పరిశీలిద్దాము. వైద్యవిద్యార్థులు గ్రామాలకు రావడం నేడు కొంతవరకు వారి పాఠ్యప్రణాళికలోని విధియే. 2022 నుండి ఎం.బి.బి.ఎస్. చదువులో కుటుంబదత్తత అనే కార్యక్రమం చేరినది. విద్యార్థి కొన్ని గ్రామీణ కుటుంబాలను స్వీకరించి, చదువుకొనే కాలంలో వారి ఆరోగ్యాన్ని గమనిస్తూ ఉండాలి. "విధించబడినది కనుక అది సేవ కాదు" అన్నది ఆక్షేపకుల వాదం. అట్లయితే సంధ్యావందనం మాటేమిటి? ఉపనీతుడైన వటువు శ్రద్ధ పుట్టిన తరువాత సంధ్య వార్చడం మొదలుపెట్టడు. తండ్రి ఆజ్ఞాపించాడు కనుక, గురువు గద్దిస్తాడు కనుక మొదలుపెడతాడు. చేయగా చేయగా శ్రద్ధ అంకురిస్తుంది. మా పాఠశాలలో తెల్లవారుజామున చన్నీటి స్నానానికి ఏ వటువూ వైరాగ్యంతో లేచినట్లు నాకు జ్ఞాపకం లేదు. విధి శ్రద్ధకు శత్రువు కాదు. చాలామంది విషయంలో అదే శ్రద్ధకు ద్వారం. నిత్యకర్మ చేసినందుకు ప్రత్యేకమైన ఘనత లేదు, మానితే ప్రత్యవాయం ఉన్నది. విద్యార్థి పల్లెకు రావడాన్ని ఆ కోవలో చేర్చితే ఆక్షేపణ చాలావరకు శమిస్తుంది.

అయితే ఇక్కడే ఒక సూక్ష్మం ఉన్నది. నిత్యకర్మలకు, కామ్యకర్మలకు జైమిని మహర్షి ఆరవ అధ్యాయంలో ఒక భేదం నిరూపించాడు. నిత్యకర్మను యథాశక్తిగా చేయవచ్చును. ఏదో ఒక అంగం లోపించినా ప్రధానం నెరవేరితే కర్మ చేసినట్లే. కామ్యకర్మ అట్లా కాదు. ఒక ఫలాన్ని కోరి చేసేటప్పుడు సర్వాంగాలు సంపూర్ణంగా ఉండాలి. అంగలోపం ఉంటే ఫలం లేదు. చేయగలిగినంత చేశాను అనడానికి అక్కడ అవకాశం లేదు.

శిబిరంలో జరిగే పని ఒక్కటే. కాని అది ఎవరి దృష్టితో చూస్తే ఏ జాతి కర్మ? విద్యార్థి దృష్టిలో అది నిత్యకర్మ. వచ్చాడు, యథాశక్తిగా చేశాడు, వెళ్ళాడు. మండపంలో వరుసలో కూర్చున్న జీడితోట కూలీ దృష్టిలో అది కామ్యకర్మ. ఒక రోజు కూలి వదులుకొని, ఒక ఫలం కోరి వచ్చాడు. తన శరీరంలో ఏమి జరుగుతున్నదో తెలియాలన్నదే ఆ ఫలం. అతనికి యథాశక్తి న్యాయం చెల్లదు. అతనికి సర్వాంగాలూ కావాలి. శిబిరాల నిర్వాహకులు తమ నిత్యకర్మను నెరవేర్చుకొని, అతని కామ్యకర్మను సగంలో వదలివేస్తున్నారు. మా ప్రాంతపు విసుగుకు మూలం ఇదేనని నా అభిప్రాయం.

ఆ అంగాలు ఏవి? పని తెలిసిన పెద్దలను అడిగి తెలుసుకొన్నంత వరకు చెబుతాను.

మొదటిది, ఉచితమైన పరీక్ష. ఇక్కడ ఉచితం అంటే డబ్బు తీసుకోనిది అని కాదు, సంస్కృతంలో దాని అసలు అర్థమైన తగినది అని. ఎక్కడ చూచినా శిబిరం అంటే రక్తపోటు, చక్కెర, బరువు, అంతే. మరొక ఊరిలో అది చాలునేమో. ఉద్దానంలో చాలదు. ఇక్కడి వ్యాధి ఆ రెండూ సక్రమంగా ఉన్నవానిలో కూడా దాగి ఉండవచ్చును. "అన్నీ బాగున్నాయి" అనిపించుకొని ఇంటికి వెళ్ళినవాడు ఆ నిశ్చింతతోనే మరి రెండేండ్లు ఆసుపత్రి ముఖం చూడడు. పరీక్ష చేయకపోయి ఉంటే కనీసం ఆ మిథ్యానిశ్చింత కలిగేది కాదు. ఇక్కడ రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ చూడాలి. ఆ క్రియాటినిన్ కూడా మూత్రపిండాల శక్తి సుమారు సగం క్షీణించే వరకు పెద్దగా పెరగదని వైద్యులు చెబుతారు. అందువలన ఆ సంఖ్యకు వయస్సు, స్త్రీపురుషభేదం జోడించి మూత్రపిండాలు ఎంత వడపోస్తున్నవో లెక్కకడతారు.

రెండవది, కాలం. ఆ లెక్క అరవైకంటె తక్కువ వచ్చినా ఆ ఒక్క ఫలితంతోనే దీర్ఘవ్యాధి అని నిశ్చయించరు. ఆ స్థితి మూడుమాసాలకు పైగా కొనసాగుతున్నదని మళ్ళీ పరీక్షించి చూచిన తరువాతనే నిశ్చయిస్తారు. భక్తులు ఈ మాటను గట్టిగా పట్టుకోవాలని కోరుతున్నాను. తిరిగి రావడం అనేది దయాగుణం వలన చేసే అదనపు పని కాదు. ఈ వ్యాధిని నిర్ణయించే పద్ధతిలోనే పునర్దర్శనం ఒక అంగంగా ఉన్నది. ఒక్కరోజు శిబిరం ఎంత ఘనంగా జరిగినా ఆ నిర్ణయం చేయజాలదు. కలశంలో దేవతను ఆవాహన చేసి, పూజ మధ్యలో లేచి వెళ్ళిపోయిన పురోహితుని ఏమంటాము? ఉద్వాసన చెప్పే వరకు ఆ పీట ముందు నుండి కదలకూడదు. రక్తం తీసుకోవడం ఆవాహన వంటిది. ఒక మనిషి మనస్సులో ఆశనూ భయాన్నీ రెండింటినీ పిలిచి కూర్చోబెట్టినట్లు.

ఇక ఆ రోజు నేను చూచిన ఒక విద్యార్థినిని గురించి చెప్పాలి. మూడవ సంవత్సరం చదువుతున్న అమ్మాయి. రక్తపోటు చూచే బల్ల దగ్గర కూర్చున్నది. వచ్చినవారందరూ "డాకటరమ్మా" అని పిలుస్తుంటే ప్రతివారికీ "నేను ఇంకా చదువుకుంటున్నానండి, డాక్టరుగారు అదిగో ఆ బల్ల దగ్గర ఉన్నారు" అని చెప్పినది. విసుగు లేకుండా అంతమందికీ చెప్పడం నేను గమనించాను. ఒక కూలీ జేబులోనుండి నొప్పిబిళ్ళల అట్ట తీసి, "నడుంనొప్పికి ఇవే ఏసుకుంతన్నాను, ఇంకో నాలుగు ఇప్పించు తల్లీ" అన్నాడు. ఆ అమ్మాయి ఆ అట్టమీది పేరు చదివి, ఎన్నాళ్ళ నుండి, రోజుకు ఎన్ని అని అడిగి వ్రాసుకొని, అతనిని స్వయంగా వైద్యుని దగ్గరకు తీసుకొని వెళ్ళినది. డైక్లోఫెనాక్ వంటి నొప్పిబిళ్ళలు దీర్ఘకాలం వాడితే మూత్రపిండాలకు హాని. ఎండలో ఒళ్ళు హూనమయ్యే పనిచేసి, సాయంత్రం ఆ బిళ్ళ వేసుకొని పడుకొనేవారు మా గ్రామాలలో చాలామంది. పరికరం చూపని ఈ విషయం ఆ ప్రశ్నతో బయటపడినది.

దీనినే మన పరిభాషలో అధికారజ్ఞానం అంటాము. వేదం నోటికి వచ్చినంత మాత్రాన ఋత్విక్కు కాడు. సంహిత పూర్తిచేసిన విద్యార్థి కూడా ప్రయోగం చూచి, పెద్దల వెనుక కూర్చొని, పాత్ర అందించి, సమిధ అందించి, ఆ తరువాతనే హోమకుండం ముందు కూర్చుంటాడు. అందించే దశలో ఉన్నవాడు అందించడమే చేయాలి. ఈ అమ్మాయికి కొలవడానికి, వినడానికి, వ్రాయడానికి అధికారం ఉన్నది. నిర్ణయించడానికి, మందు ఇవ్వడానికి ఇంకా లేదు. జనం తమ నోటితో ఇస్తున్న గౌరవాన్ని స్వీకరించకుండా ఆ గీత దగ్గర ఆగడం ఇరవై యేండ్ల వయస్సులో సులభం కాదు.

ఇక మూడవ అంగం, గోప్యత. కొన్ని శిబిరాలలో సంఖ్యను బిగ్గరగా చదువుతారు. "నూట ఎనభై! రాసుకోండి!" అని ఒకరు అరిస్తే మండపమంతా తలలు తిప్పి చూస్తుంది. ఉద్దానంలో ఇది కేవలం అమర్యాద కాదు. ఫలానా ఇంటిలో కిడ్నీజబ్బు ఉన్నదట అన్న మాట పాకితే ఆ ఇంటి పిల్లలకు వివాహసంబంధాలు వెనుకకు పోతాయన్న భయం ఇక్కడ నిజమైనది. అందుకే పరీక్షకే రానివారు ఉన్నారు. చరకసంహిత విమానస్థానం ఎనిమిదవ అధ్యాయంలో గురువు అగ్నిసాక్షిగా శిష్యునికి చేసే ఉపదేశం ఉన్నది. రోగి ఇంటి విషయాలు బయట చెప్పకూడదని, ఆయుఃక్షయం తెలిసినా రోగికి గాని అయినవారికి గాని అఘాతం కలిగేచోట పలుకకూడదని అందులో స్పష్టంగా ఉన్నది. 2022లో జాతీయ వైద్య కమిషన్ వైద్యవిద్యార్థులకు చరకశపథాన్ని సూచించినప్పుడు దేశమంతటా వాదోపవాదాలు చెలరేగినవి. శపథం ఏ భాషలో, ఎవరి పేరుతో చేయాలన్న వివాదంలో నాకు ఆసక్తి లేదు. మండపంలో ఒక తెర కట్టి, ఒక కుర్చీ పక్కకు వేస్తే ఆ శపథంలో కొంతభాగం నెరవేరినట్లే. మేము దేవాలయంలో పల్లకీ సేవకు వాడే తెరను ఇచ్చాము. భగవద్గీత పదునేడవ అధ్యాయంలో అవజ్ఞతో చేసిన దానం తామసదానంలో చేరుతుంది. దానం చేసిన వస్తువు మంచిదే కావచ్చును, చేసిన తీరు దానిని దిగజారుస్తుంది.

ఇప్పుడు శీర్షికలోని ప్రశ్నకు వస్తాను. యజ్ఞఫలం ఎవరికి చెందుతుంది? యజమానికి. ఋత్విక్కులు ఎంతమంది ఉన్నా, మంత్రం వారి నోట పలికినా, ఫలం యజమానిదేనని మీమాంసకుల సిద్ధాంతం. ఋత్విక్కుకు దక్షిణ ఉన్నది. శిబిరంలో యజమాని ఎవరు? ఫ్లెక్సీమీద చేతులు జోడించుకొని ఉన్నవారా? కళాశాలయా? దేవాలయ కమిటీయా? ఎవరి శరీరక్షేమం కోసం ఈ క్రతువు జరుగుతున్నదో, ఎవరు తన రక్తాన్నే ద్రవ్యంగా ఇచ్చాడో ఆ రోగియే యజమాని. విద్యార్థి ఋత్విక్కు. అతడు నేర్చుకొన్న విద్య అతని దక్షిణ. "పేదవాని మీద నేర్చుకొంటున్నారు" అన్న ఆక్షేపణకు నా సమాధానం ఇదే. నేర్చుకోవడంలో దోషం లేదు. దక్షిణ తీసుకోవడం ఋత్విక్కుకు ధర్మమే. దక్షిణ పుచ్చుకొని క్రతువును మధ్యలో విడిచిపెట్టడం దోషం. రక్తనమూనా తీసుకొని, దానితో తమ లెక్కలు, పత్రాలు, ఛాయాచిత్రాలు పూర్తిచేసుకొని, ఫలితపు కాగితం యజమానికి చేర్చనివారు ఎంత పెద్ద సంస్థవారైనా ఈ దోషం నుండి తప్పించుకోలేరు.

ఆ అమ్మాయి, మరి ఇద్దరు సహాధ్యాయులు మరుసటి ఆదివారం బస్సు దిగి మళ్ళీ వచ్చారు. చేతిలో కవర్ల కట్ట. ఏ రోజు, ఏ గంటకు, ఎక్కడికి రావాలో మొదటిరోజే ప్రతివారికీ చెప్పి ఉన్నారు. రానివారి ఇండ్లు వెదకుతూ మధ్యాహ్నమంతా వీధులు తిరిగారు. తలుపు తీయని ఒక ఇంటి అరుగుమీద అరగంట కూర్చున్నారు. నేను మొదట ఉదహరించిన వృద్ధుడు, తన పేరు చెప్పకుండా వ్రాయడానికి అనుమతి ఇచ్చాడు. అతని రక్తపోటు, చక్కెర సక్రమంగా ఉన్నవి. క్రియాటినిన్ ఎక్కువగా ఉన్నది. వారితో వచ్చిన వైద్యుడు అతనిని తెర వెనుక కూర్చోబెట్టి, కోడలిని కూడా పిలిచి, ఒక్కసారి ఎక్కువ వచ్చినంత మాత్రాన నిశ్చయం కాదని, ఇప్పుడు పలాసకు వెళ్ళి ఒకసారి చూపించుకోవాలని, మూడు నెలలకు మళ్ళీ పరీక్ష చేయించాలని చెప్పాడు. పక్కనే నిలబడిన అమ్మాయి ఆ తేదీని గోడమీది పంచాంగం కేలండరులో చుట్టమని కోడలికి చెప్పినది. నాకు నచ్చినది ఆ కేలండరు మాట.

ఆ రోజే ఆమె నా దగ్గరకు వచ్చి, "పంతులుగారూ, ఒక మాట అడగవచ్చునా? పొటాషియం పెరిగిన కిడ్నీరోగులకు కొబ్బరినీళ్ళు, అరటిపండు మంచివి కావండి. ఇక్కడ ప్రసాదమే అది. మేము వద్దంటే వినరు" అన్నది. కొబ్బరిసీమలో అర్చకుని అడగవలసిన ప్రశ్నయే ఇది. ప్రసాదానికి పరిమాణం నియమం కాదు. కణమాత్రం కన్నులకద్దుకొని స్వీకరించినా అనుగ్రహం సంపూర్ణం. వైద్యుడు వద్దన్నవారు తీర్థంతో, అక్షతలతో తృప్తిపడవచ్చును. వారికి వైద్యుడు చెప్పిన నీటి పరిమితి ఉంటే తీర్థం ఉద్ధరిణెడు దానిని మించదు. ఉపవాసాల విషయమూ అంతే. జలం, ఫలమూలాలు, పాలు, ఔషధం వంటివి వ్రతాన్ని భంగపరచవని పెద్దలు ఏనాడో వెసులుబాటు ఇచ్చారు. ఆతురునికి నిర్జలోపవాసం విధించిన శాస్త్రం లేదు. కార్తికసోమవారం నీళ్ళు కూడా ముట్టకుండా ఎండలో పనికి వెళ్ళి, సాయంత్రం దీపం పెట్టి, ఆ నీరసంతోనే పరీక్షకు వచ్చే స్త్రీలు ఉన్నారు. ఒంటిలో నీరు తగ్గితే ఆ ఫలితమూ తారుమారు కావచ్చును. అందుకే శిబిరాన్ని కార్తికం దాటే వరకు ఆపమని కమిటీకి నేనే చెప్పాను.

రక్తస్పర్శ గురించి ఒక పెద్దాయన సందేహపడ్డారు. ప్రాకారం లోపల రక్తం పడితే ఆగమోక్తశుద్ధి అవసరం, నిజమే. కల్యాణమండపం ప్రాకారానికి బయట ఉన్నది. కడిగించాము, సరిపోయినది. అంతకుమించి ఆ విషయంలో చర్చ అనవసరం.

ఇప్పుడు రథసప్తమి సమీపిస్తున్నది. ఆరోగ్యం కోరి మా ప్రాంతంవారు అరసవల్లి సూర్యనారాయణస్వామి దర్శనానికి వెళ్ళే కాలం. ఆ తరువాతి ఆదివారం శిబిరం పెడతామని మరొక సంస్థవారు మండపం అడిగారు. కమిటీవారు నా అభిప్రాయం కోరితే మూడు విషయాలు వ్రాతపూర్వకంగా తీసుకోమన్నాను. క్రియాటినిన్, మూత్రపరీక్ష చేస్తారా, ఫలితాలు ఏ తేదీన ఎవరు తెచ్చి ఇస్తారు, మూడు నెలల తరువాత మళ్ళీ ఎప్పుడు వస్తారు. మండపానికి అద్దె వద్దు, విద్యుత్తు ఖర్చు దేవాలయానిదే, వచ్చిన విద్యార్థులకు మధ్యాహ్నభోజనం మా ఇంటిలో. ఆ మూడు ప్రశ్నలకు సమాధానం ఇంకా రాలేదు. మండపం ఆ ఆదివారానికి ఖాళీగానే ఉంచాము.